ఆగిపోయిన హార్డ్ డిస్క్ నేర్పిన చరిత్ర పాఠం



మన సంఘం పెద్దలు ఈ సంచిక కోసం తండాల చరిత్ర మీద వ్యాసం రాయమని అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. సామగ్రి అంతా నా దగ్గర సిద్ధంగా ఉందనే ధీమా. మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లోని తండాలకు వెళ్లి పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేస్తూ వచ్చాను. హాస్టలుకు తిరిగొచ్చాక వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లో జాగా చాలదని అక్కడివి తుడిచేసేదాన్ని. అలా మొత్తం 23 రికార్డింగులు పోగయ్యాయి.

ఒకరోజు సాయంత్రం స్టడీ అవర్‌లో చార్జర్ వైరు ఒక పాప కాలికి తగిలింది. నడుస్తున్న లాప్‌టాప్ టేబుల్ మీది నుంచి గచ్చు మీద పడింది. పాప ఏడుపు మొదలుపెడితే, "ఏం కాలేదులే బిడ్డా" అని నేనే సముదాయించాను. స్విచ్చి వేస్తే లోపల 'టక్... టక్... టక్' అని శబ్దం వచ్చింది, తెర మాత్రం నల్లగానే ఉంది. మళ్లీ వేశాను. ఏడెనిమిది సార్లు వేసి ఉంటాను. నేను చేసిన మొదటి తప్పు రికార్డింగులకు రెండో నకలు తీసి పెట్టుకోకపోవడం. రెండో తప్పు ఇలా పదే పదే స్విచ్చి వేయడం. ఆ రెండో తప్పు ఎంత పెద్దదో తర్వాత తెలిసింది.

ఆ 23 గొంతుల్లో ఒకటి మా బంధువుల తండాలోని ఒక ముసలి దాదీది. ఆమె చిన్న వయసులోనే పెద్దవాళ్లతో కలిసి నాగార్జునసాగర్ డ్యాం పనికి పోయి రాళ్లు మోసింది. సాగర్ డ్యాంకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967లో కాలువలకు నీళ్లు వదిలారని మనం పుస్తకాల్లో చదువుకుంటాం. సిమెంటు కాంక్రీటు పోతతో కాకుండా రాతి కట్టడంగా లేచిన డ్యాంలలో అది ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. అంత రాయి మనుషుల భుజాల మీదే ఎక్కింది. ఆ మనుషుల్లో మనవాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఇబ్రహీంపట్నం గుండా పోయే సాగర్ రోడ్డు మీద మనం రోజూ బస్సులో తిరుగుతాం. ఆ రోడ్డు చివర ఏం జరిగిందో దాదీ 40 నిమిషాలు చెప్పింది. చివర్లో పెళ్లికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు పాడే ఢావ్లో పాడింది. రికార్డు చేసిన ఏడాదికే ఆమె కాలం చేసింది. ఆమె గొంతు ఆగిపోయిన ఆ డిస్కులో మాత్రమే ఉంది.

డిస్కు లోపల ఏముంటుంది?

టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి, నాకు అర్థమైనది మీకూ అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం చేస్తాను. మొట్టమొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని ఐబీఎం కంపెనీ 1956లో విడుదల చేసింది. అందులో రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50 ఉండేవి. బరువు ఒక టన్నుకు పైమాటే. అంత యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు, ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫోటో అంత. నా లాప్‌టాప్‌లోని రెండున్నర అంగుళాల డిస్కులో దానికి లక్ష రెట్లకు పైగా పడుతుంది.

చిన్నదైనా తీరు అదే. అయస్కాంత పూత ఉన్న నున్నటి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటుంది. దాని పైన చదివే, రాసే ముల్లు ఒకటి ఉంటుంది, దాన్ని హెడ్ అంటారు. అది పళ్లేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఇక ఆ సందు ఎంత సన్ననిదో ఊహించుకోండి. నడుస్తుండగా కింద పడితే హెడ్ వంగిపోవచ్చు, పళ్లేన్ని గీరవచ్చు. 'టక్ టక్' శబ్దం హెడ్ తన చోటు వెతుక్కుంటూ, దొరక్క వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టడం వల్ల వస్తుంది. అలా ఉన్నప్పుడు స్విచ్చి వేసిన ప్రతిసారీ పళ్లెం మీద మరో గీత పడే ప్రమాదం ఉంది. గీత పడిన చోటి సమాచారాన్ని ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

ఫైలు పోవడం రెండు రకాలు. పొరపాటున డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం ఒక రకం. హాజరు పట్టీలో ఒక పిల్ల పేరు కొట్టేశామనుకోండి. పిల్ల ఇంకా క్లాసులోనే కూర్చుని ఉంటుంది. ఆ బెంచీ మీద కొత్త పిల్లను కూర్చోబెట్టేదాకా పాత పిల్ల అక్కడే ఉంటుంది. హార్డ్ డిస్కులో డిలీట్ అంటే ఇంతే, పట్టీలో పేరు పోతుంది, ఫైలు ఉంటుంది. అందుకే డిలీట్ అయిన వెంటనే ఆ డిస్కులో కొత్తగా ఏదీ రాయకుండా ఆపితే ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు కొత్త లాప్‌టాపుల్లో వస్తున్న ఎస్ఎస్‌డీలలో ఈ వెసులుబాటు తక్కువ. డిలీట్ అయిన చోటును అవి తమంతట తామే త్వరగా ఖాళీ చేసేస్తాయి.

రెండో రకం నాకు జరిగినది, యంత్రమే దెబ్బతినడం. దీనికి సాఫ్ట్‌వేర్ పనికిరాదు. దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి, అదే రకం డిస్కు నుంచి మంచి హెడ్ తీసి అమర్చి, పళ్లెం మీద ఉన్నదంతా ఒక్కసారి మరో డిస్కులోకి నకలు తీయాలి. ఆ తర్వాత వెతుకులాటంతా నకలు మీదే చేయాలి, అసలును ముట్టుకోకూడదు.

నేను ముందు తీసుకెళ్లిన రిపేరు షాపులో కుర్రవాడు, "మేడమ్, విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది" అన్నాడు. ఎందుకో మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నాను. తర్వాత తెలిసినవాళ్లు చెబితే హైదరాబాదులో ఈ పనే చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాను. వాళ్లు మొదట అడిగిన మాట, "ఎన్నిసార్లు ఆన్ చేశారు?" నిజం చెప్పాను. నా నెల జీతంలో సగానికి పైగా ఖర్చయింది, ఐదు వారాలు పట్టింది.

కొలంబియా కథ

ఆ ఐదు వారాలూ ధైర్యం కోసం చదివిన వాటిలో ఒకటి మీకు చెప్పాలి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ నౌకలో జినాన్ అనే వాయువు మీద ఒక ప్రయోగం జరిగింది. దాని వివరాలున్న హార్డ్ డిస్క్ కొన్ని నెలల తర్వాత టెక్సాస్‌లో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికింది. అప్పటికి అది కాలి కరిగిన లోహపు ముద్దలా ఉంది. అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థ దాన్ని శుభ్రం చేసి, పళ్లేలను వేరే యంత్రంలో అమర్చి 99 శాతం సమాచారాన్ని తిరిగి తెచ్చింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. ఆకాశం నుంచి పడ్డ డిస్కే పలికితే టేబుల్ మీది నుంచి పడ్డది పలకదా అని ఆశపడ్డాను. కానీ ఆ డిస్కును దొరికినవాళ్లెవరూ ఏడెనిమిది సార్లు స్విచ్చి వేసి చూడలేదు.

పోయినవాటిని తిరిగి తెచ్చిన మనుషులు

పోయిన సమాచారాన్ని తిరిగి తెచ్చుకోవడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. మన తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణలు ఉన్నాయి.

1503లో కన్నుమూసిన అన్నమాచార్యుడి కీర్తనలను ఆయన కుటుంబం రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని ఒక చిన్న గదిలో భద్రపరిచింది. రాగికి చెద పట్టదు, నీళ్లకు చెరగదు. అంత గట్టి వస్తువు మీద రాసినా సుమారు నాలుగు వందల ఏళ్లు అవి జనానికి దూరమయ్యాయి. 1922లో ఆ రేకులు వెలుగులోకి వచ్చాక పండితులు చదివి అచ్చు వేయించారు. ఆయన 32 వేల కీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవి అందులో సగం కూడా కావు. ఇంకో సంగతి గమనించండి. రేకు మీద రాగం పేరు ఉంది, ఆయన ఏ వరుసలో పాడాడో లేదు. ఇవాళ మనం వినే బాణీలు తర్వాతివాళ్లు కట్టినవి. అక్షరం మిగిలింది, గొంతు పోయింది.

ఇంకొకరు సి.పి.బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఈ ఇంగ్లిషువాడు, చెదలు పడుతున్న తెలుగు తాళపత్రాలను సేకరించి, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి నకళ్లు రాయించాడు. ఒకే పుస్తకానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, ఒకదాంట్లో చిరిగిన చోటును ఇంకోదానితో పూరించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. హైదరాబాదు నిపుణులు నా డిస్కుతో చేసిన పని విన్నప్పుడు నాకు బ్రౌన్ గుర్తొచ్చాడు. ముందు నకలు తీయాలి, చిరుగులు పూడ్చే పని ఆ తర్వాత.

మూడోది మన గిరిజనులదే. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండు పెద్దల ఇళ్లలో పాత రాతప్రతులు ఉండేవి. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. గోండీ భాషకు చెందిన ఈ లిపి గురించి అప్పుడు లోకానికి తెలిసింది. ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఊళ్లో కొద్దిమందే మిగిలి ఉన్నారు. వాళ్లు కూడా పోయి ఉంటే ఆ ప్రతులు చదివే యంత్రం లేని డిస్కులా ఉండిపోయేవి. పెద్దలు పిల్లలకు నేర్పారు, వాచకం తయారైంది. 2018లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండీ చేరడంతో ఆ అక్షరాలకు కంప్యూటర్లలో శాశ్వతమైన చోటు దొరికింది.

మరి మన చరిత్ర ఎక్కడ ఉంది?

లంబాడాలకు సొంత లిపి లేదు. మన చరిత్ర భాట్‌ల, ఢాడీల నోట ఉండేది. ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి తాత ఎవరు అన్నది వాళ్లు తండా తండాకు తిరుగుతూ పాటగా చెప్పేవారు. వినేవాళ్లలో కొందరికి అది నోటికి వచ్చేది. ఒక ఢాడీ పోయినా, ఇంకో తండాలో ఇంకొకరి దగ్గర ఆ పాట ఉండేది. ఇన్ని నకళ్లు ఉన్నాయి కాబట్టే ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగిన రోజుల జ్ఞాపకం ఇంకా బతికి ఉంది. రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయినా, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం సంచార జాతులెన్నింటికో పుట్టుకతోనే నేరస్థుల ముద్ర వేసినా, ఆ చట్టం 1952లో రద్దయ్యేదాకా ఎన్ని బాధలు పడినా పాట ఆగలేదు.

కాగితం మీద మన గురించి రాసినవాళ్లు చాలావరకు బయటివాళ్లు. గ్రియర్సన్ నడిపిన భాషా సర్వేలో తొమ్మిదో సంపుటం మూడో భాగం 1907లో వచ్చింది. అందులో మన గోర్ బోలీని 'బంజారీ లేదా లభానీ' అనే పేరుతో చేర్చారు. కానీ ఆ సర్వే హైదరాబాద్ రాజ్యానికి రాలేదు. అంటే మన ముత్తాతల మాట అందులో నమోదు కాలేదు. 1920లో సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద రాసిన పుస్తకంలో బంజారాల అధ్యాయం ఉంది. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద, గోండుల మీద పెద్ద పుస్తకాలు రాశాడు. ఆయన తీసిన ఫోటోలు, సినిమా రీళ్లు, నోటు పుస్తకాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన దగ్గర హైదరాబాదులో గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. మీలో ఎంతమంది చూశారు?

2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. మన తండా మొదట్లో ఇప్పుడు ఊరి పేరుతో బోర్డు ఉంది. ఆ పేరు ఎవరిది, ఆ నాయక్ ఎప్పుడు, ఎందుకు అక్కడ ఆగాడు అని అడిగితే ఇంటర్ చదివే పిల్లలు చెప్పలేకపోతున్నారు. ఇబ్రహీంపట్నం చెరువు కుతుబ్ షాహీల కాలం నాటిదని, ఊరికి ఇబ్రహీం కుతుబ్ షా పేరు వచ్చిందని అందరూ చెబుతారు. రాజుల చరిత్రకు నకళ్లు చాలా ఉన్నాయి. దాదీ చరిత్రకు ఒక్కటే ఉంది, అదీ నా డిస్కులో.

తిరిగి వచ్చినవి, రానివి

ఐదు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. 23 రికార్డింగుల్లో 16 పూర్తిగా వచ్చాయి. మూడు ముక్కలుగా వచ్చాయి. నాలుగు రాలేదు. దాదీ రికార్డింగు ముక్కలైన వాటిలో ఉంది. 40 నిమిషాల్లో మొదటి 14 నిమిషాలే దక్కాయి. సాగర్ పనికి బయలుదేరిన రోజు, బండి మీద ఏం సర్దుకున్నారు, దారిలో ఎక్కడ వండుకున్నారు అన్నదాకా ఉంది. డ్యాం దగ్గరికి చేరారో లేదో, మాట ఆగిపోయింది. అక్కడి నుంచి గరగర శబ్దమే.

ఈ సంగతి హాస్టల్లో పిల్లలతో చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి పాప ఒకామె లేచి, "మేడమ్, దాదీ పాట మా అన్న ఫోన్లో ఉంటది" అంది. ఆమెది అదే తండా. అప్పట్లో ఢావ్లో బాగుందని ఆ ఒక్క ముక్కను తన వాళ్లకు పంపమని నన్నే అడిగిందట, నేనే పంపానట. నాకు గుర్తు లేదు. ఆ అన్న పాత ఫోన్ మెమరీ కార్డులో వెతికితే పాట దొరికింది, ఆరు నిమిషాలు. హాలులో అందరం కూర్చుని విన్నాం. లాప్‌టాప్ పడటానికి కారణమైన పాప కూడా అక్కడే ఉంది. మొత్తం విన్నాక లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది.

మధ్యలో పోయిన 20 నిమిషాల కోసం దాదీ కూతురి దగ్గరికి వెళ్లాను. ఆమె తనకు గుర్తున్నంత చెప్పింది. రాళ్లు మోసిన చోట తల్లి భుజం మీద పడిన మచ్చ గురించి చెప్పింది. కూలి ఎంతో, ఏ మేస్త్రీ కింద పని చేశారో, తమతో వచ్చి తిరిగి రానివాళ్లెవరో ఆమెకు తెలియదు. దాదీ నాకు ఆ పేర్లు చెప్పింది. నేను విన్నాను కానీ కాగితం మీద రాసుకోలేదు, రికార్డు అయిందిలే అనుకున్నాను. ఆ పేర్లు ఇక రావు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మీరు చేయవలసిన పని

ముందు యంత్రం సంగతి. లాప్‌టాప్ కింద పడి వింత శబ్దం వస్తే వెంటనే ఆపేయండి, మళ్లీ వేయకండి. డిస్కును ఇంట్లో విప్పకండి. ఫైళ్లు కావాలంటే ఫార్మాట్‌కు, విండోస్ మళ్లీ ఎక్కించడానికి ఒప్పుకోకండి. నిపుణుల దగ్గరికి వెళ్తే ముందే ఖర్చు అడగండి. పెద్దల మాటలు, ఆడవాళ్ల పాటలు అందులో ఉంటాయి కాబట్టి పని అయ్యాక వాళ్ల దగ్గర నకలు ఉంచుకోవద్దని రాయించుకోండి.

డిస్కు పాడవకముందు చేయాల్సింది ఇంకా తేలిక. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో చెప్పిన 3-2-1 లెక్క గుర్తుపెట్టుకోండి. ఏ ఫైలుకైనా మూడు నకళ్లు ఉండాలి, అవి రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లోనో పట్నంలో ఉండే అక్క ఇంట్లోనో ఒకటి. ఏడాదికోసారి, తీజ్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తెరిచి చూడండి, పలుకుతున్నాయో లేదో తెలుస్తుంది. ఫైలు పేరులో తండా, మనిషి, తేదీ రాయండి. డిస్కులో తిరిగి దొరికిన ఫైళ్లకు చాలాసార్లు పాత పేర్లు ఉండవు. నావి కూడా వట్టి అంకెలతో వచ్చాయి, ఎవరి గొంతు ఎవరిదో ఒక్కొక్కటీ విని గుర్తుపట్టాల్సి వచ్చింది.

అన్నిటికంటే ముందు, రికార్డు చేస్తున్నా సరే పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని పేర్లు, ఊళ్లు, అంకెలు చేత్తో రాయండి. విన్న పాటను ఇంకొకరికి నేర్పండి. మా హాస్టల్లో ఇప్పుడు నలుగురు పిల్లలకు దాదీ ఢావ్లో వచ్చు. ఇది మన ఢాడీలు వాడిన పద్ధతే.

ఈ సంచిక చదివిన వారం రోజుల్లో మీ తండాలో అందరికంటే పెద్ద వయసున్న మనిషి దగ్గర ఒక గంట కూర్చోండి. తండా పెట్టింది ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పనులకు వలస పోయారు, ఎవరు తిరిగి రాలేదు అని అడగండి. మీ తాతలో నాయినమ్మో సాగర్ పనికి వెళ్లి ఉంటే, వాళ్లతో పాటు పని చేసినవాళ్ల పేర్లు రాసి మన సంఘానికి పంపండి. దాదీ చెప్పిన పేర్లు ఏమిటో నేను మరచిపోయాను కానీ, మళ్లీ వింటే గుర్తుపడతాననే ఆశ ఉంది.

మీ అక్క,
గిరిజన బాలికల వసతి గృహ వార్డెన్,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా